90 నిమిషాల మీటింగ్, 15 నిమిషాల మీటింగ్

ఉద్యోగాల కోత మళ్లీ వార్తల్లోకి వచ్చింది. అయితే ఈసారి గొడవ ఎంతమందిని తీశారన్న దానికంటే ఎలా చెప్పారన్న దాని మీదే ఎక్కువగా నడుస్తోంది. 2025 అక్టోబరు చివర్లో అమెజాన్ తన కార్పొరేట్ సిబ్బందిలో సుమారు 14,000 మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. సిబ్బందికి వెళ్లిన సందేశంలో ఏఐ తెస్తున్న మార్పుల ప్రస్తావన ఉంది. ఆ తర్వాత రెండు రోజులకు సీఈవో ఆండీ జాస్సీ ఇన్వెస్టర్లతో మాట్లాడుతూ, ఇది డబ్బు కోసం చేసింది కాదని, ప్రస్తుతానికి ఏఐ వల్ల కూడా కాదని, సంస్థ పనితీరు, సంస్కృతి కోసమని అన్నారు. ఉద్యోగం పోయినవాళ్లూ మిగిలినవాళ్లూ ఇప్పుడు అడుగుతున్నది ఒకటే: మాకు చెప్పిన కారణం నిజమా, వాళ్లకు చెప్పింది నిజమా?

మార్కెట్ పడిపోతే కంపెనీలు మనుషుల్ని తగ్గించుకోవడం కొత్త కాదు. 2008లో ఏం జరిగిందో, 2020లో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. అవన్నీ మళ్లీ ఏకరువు పెట్టాల్సిన పని లేదు. ఇవాళ్టి కోపం ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే 1990లో అచ్చయిన ఒక పరిశోధన దగ్గరికి వెళ్లాలి. హెచ్ఆర్ చదివిన చాలామంది దాని గురించి క్లాసులో వినే ఉంటారు. ఉద్యోగంలో చేరాక దాన్ని పాటించే అవకాశం మాత్రం అందరికీ దొరకలేదు.

ఆ పరిశోధన చేసింది అమెరికాకు చెందిన మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ జెరాల్డ్ గ్రీన్‌బర్గ్. ఒక తయారీ కంపెనీకి పెద్ద కాంట్రాక్టులు చేజారాయి. మనుషుల్ని తీసేయకుండా గట్టెక్కాలని రెండు ఫ్యాక్టరీల్లో 10 వారాల పాటు జీతాలు 15 శాతం తగ్గించింది. మూడో ఫ్యాక్టరీలో కోత లేదు. అంటే పోల్చి చూడటానికి కావాల్సినవన్నీ అక్కడే ఉన్నాయి. గ్రీన్‌బర్గ్ ఒక్క విషయం మార్చి చూశారు: కోత గురించి చెప్పే పద్ధతి.

మొదటి ఫ్యాక్టరీలో కంపెనీ ప్రెసిడెంటే వచ్చి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. మీటింగ్ దాదాపు 90 నిమిషాలు సాగింది. ఏ కాంట్రాక్టు పోయింది, దానివల్ల రాబడి ఎంత పడిపోయింది, ఈ కోత ఎన్నాళ్లు ఉంటుంది అన్నది చార్టులు పెట్టి మరీ చూపించారు. ఇలా చేయాల్సి వచ్చినందుకు బాధగా ఉందని అన్నారు. ఉద్యోగాలు పోకుండా ఉండటానికే ఈ దారి ఎంచుకున్నామని చెప్పారు. ఆ సమయంలో ఎక్కువ భాగం వాళ్ల ప్రశ్నలకు జవాబులు ఇవ్వడానికే సరిపోయింది.

రెండో ఫ్యాక్టరీకి ఒక వైస్ ప్రెసిడెంట్ వెళ్లారు. 15 నిమిషాల్లో ముగించారు. కాంట్రాక్టులు పోయాయి, జీతాలు తగ్గుతున్నాయి, ఇన్ని వారాలు ఉంటుంది, అంతే. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆయన అబద్ధం ఏమీ చెప్పలేదు. మొదటి ఫ్యాక్టరీలో చెప్పిన కారణమే ఇక్కడా చెప్పారు. కాకపోతే లెక్క చూపించలేదు, బాధ వ్యక్తం చేయలేదు, ప్రశ్నలకు సమయం ఇవ్వలేదు.

తర్వాత గ్రీన్‌బర్గ్ ఫ్యాక్టరీల్లో మాయమవుతున్న సరుకు లెక్క తీశారు. కోత లేని చోట ఏ మార్పూ లేదు. 90 నిమిషాలు మాట్లాడిన చోట దొంగతనాలు కొంత పెరిగాయి. 15 నిమిషాల్లో తేల్చేసిన చోట రెండింతలు దాటాయి. అంతేకాదు, ఆ రెండో ఫ్యాక్టరీలో దాదాపు నాలుగో వంతు మంది ఆ 10 వారాల్లోనే ఉద్యోగం మానేశారు. మొదటి చోట మానేసినవాళ్లు చాలా తక్కువ. జీతాలు మళ్లీ మామూలు కాగానే దొంగతనాలూ మామూలు స్థాయికి వచ్చేశాయి.

జీతం తగ్గింది ఇద్దరికీ ఒకేలా. కంపెనీ ఒకటే, కారణం ఒకటే, గడువు ఒకటే. తేడా 75 నిమిషాలు. ఇవాళ నడుస్తున్న గొడవంతా ఆ 75 నిమిషాల గురించే అని నా అభిప్రాయం.

గ్రీన్‌బర్గ్ అక్కడితో ఆగలేదు. 2006లో ఆయన ప్రచురించిన మరో పరిశోధన ఆసుపత్రి నర్సుల మీద. జీతం లెక్కగట్టే పద్ధతి మారి ఆదాయం తగ్గిన నర్సులకు నిద్ర పట్టడం లేదని తేలింది. కొన్ని చోట్ల వాళ్ల పైన ఉన్న సూపర్‌వైజర్లకు మర్యాదగా, వివరంగా, మనసుకు పట్టేలా మాట్లాడటంలో శిక్షణ ఇచ్చారు. ఆ సూపర్‌వైజర్ల కింద పనిచేసినవాళ్ల నిద్రలేమి బాగా తగ్గింది. ఆరు నెలల తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. తగ్గిన జీతం తగ్గినట్టే ఉన్నా, పై అధికారి మాట తీరు మారేసరికి నిద్ర పట్టింది.

ఇంత స్పష్టంగా తెలిసిన విషయం ఎందుకు పక్కకు పోయింది? దీనికి కాస్త వెనక్కి, 1988కి వెళ్లాలి. వందమందికి పైగా పనిచేసే సంస్థ పెద్ద ఎత్తున తొలగింపులు చేస్తే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఆ ఏడాది అమెరికా చట్టం చేసింది. ఉద్దేశం మంచిదే. వేరే పని చూసుకోవడానికి, ఇంటి సంగతులు చక్కబెట్టుకోవడానికి మనిషికి కొంత వ్యవధి ఇవ్వడం. కానీ నోటీసు ఇవ్వకపోతే పడే జరిమానా ప్రధానంగా ఆ 60 రోజుల జీతం, ప్రయోజనాలే. దాంతో చాలా సంస్థలు తేలికైన దారి పట్టాయి. 60 రోజుల జీతం ఇస్తాయి, లాగిన్ మాత్రం ఆ రోజే తీసేస్తాయి. కాగితం మీద ఆ మనిషి ఇంకా ఉద్యోగే, ఆఫీసులో మాత్రం ఎవరూ కాదు. మనిషి సర్దుకోవడానికి ఉద్దేశించిన గడువు కాస్తా డబ్బు చెల్లించి తప్పించుకునే లెక్కగా మారింది.

ఐరోపా అంతకు ముందే, 1975లో, వేరే దారి పట్టింది. సామూహిక తొలగింపులకు ముందు కార్మికుల ప్రతినిధులతో ఒప్పందానికి వచ్చే ఉద్దేశంతో చర్చించాలని అక్కడి ఆదేశం. ముందుగా చెప్పడం ఒక్కటే చాలదు, కూర్చుని మాట్లాడాలి. అయినా ఆ నియమానికి ఉన్న బలమెంతో 2022 మార్చి 17న తేలిపోయింది. ఆ రోజు, అదే నియమం చట్టంగా ఉన్న బ్రిటన్‌లో, పీ అండ్ ఓ ఫెర్రీస్ అనే ఓడల సంస్థ 786 మంది నావికులను ముందుగా రికార్డు చేసిన వీడియోతో పనిలోంచి తీసేసింది. వారం తర్వాత సంస్థ అధిపతి పీటర్ హెబుల్‌త్వెయిట్ పార్లమెంటు కమిటీ ముందు, యూనియన్లను సంప్రదించాలని చట్టం చెబుతున్న మాట నిజమేనని, తెలిసే సంప్రదించలేదని ఒప్పుకున్నారు. ఏ యూనియనూ తమ ప్రతిపాదనకు ఒప్పుకునేది కాదు కాబట్టి అలా చేశామన్నారు. ఆ తర్వాత క్రిమినల్ కేసు కూడా పెట్టలేదు. మాట్లాడకపోతే వచ్చే నష్టం కంటే మాట్లాడితే అయ్యే ఖర్చే ఎక్కువని ఒక సంస్థ బాహాటంగా చెప్పి బయటపడిన సందర్భం ఇది.

ఇలా దూరం నుంచి చెప్పే పద్ధతి అంతకు ముందూ ఉంది. 2006 ఆగస్టులో అమెరికా ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ రేడియోషాక్ తన ప్రధాన కార్యాలయంలో సుమారు 400 మందికి ఈమెయిల్‌తోనే ఉద్వాసన చెప్పింది. అప్పట్లో దాన్ని అందరూ వింతగా చూశారు. 2021 డిసెంబరులో ఆన్‌లైన్‌లో ఇంటి రుణాలిచ్చే బెటర్ డాట్ కామ్ సీఈవో విశాల్ గార్గ్ సుమారు 900 మందిని ఒకే జూమ్ కాల్‌లో, మూడు నిమిషాల లోపే పంపించేశారు. తీసేసిన తీరుకు తర్వాత క్షమాపణ చెప్పారు. 2023 జనవరి 20న గూగుల్ 12,000 ఉద్యోగాల కోత ప్రకటించేసరికి చాలామంది మేనేజర్లకే తమ టీమ్‌లో ఎవరు పోయారో తెలియలేదు. పంపిన మెసేజ్ చేరకపోతేనో, లాగిన్ పనిచేయకపోతేనో తెలుసుకున్నవాళ్లున్నారు. అందరికీ ఒకేసారి యాక్సెస్ తీసేయడం సరైన పద్ధతి కాదని ఆ ఏడాది చివర్లో సుందర్ పిచాయ్ సిబ్బంది సమావేశంలో అంగీకరించారు.

యాజమాన్యాల వాదన కూడా చెప్పుకోవాలి. ముందే చెబితే సమాచారం బయటికి పోతుంది, షేరు ధర మీద ప్రభావం పడుతుంది. కోపంలో ఉన్న ఉద్యోగి డేటా కాపీ చేసుకుపోవచ్చు. మేనేజరు సానుభూతితో అన్న మాటే రేపు కోర్టులో సాక్ష్యం కావచ్చు. ఇవి ఊహించుకున్న భయాలు కావు. అయితే ఈ భయాలన్నీ కంపెనీ ఆస్తికీ కేసులకూ సంబంధించినవి, వాటిని చూసుకునేది లీగల్, సెక్యూరిటీ విభాగాలు. క్రమంగా ఆ విభాగాలు చెప్పిందే ఉద్యోగికి చెప్పే మాటగా మారింది. హెచ్ఆర్ చేతికి వచ్చేది అప్పటికే ఖరారైన స్క్రిప్టు. ఇది చదవండి, దీన్ని దాటి మాట్లాడకండి, ప్రశ్న వస్తే ఈ మెయిల్ ఐడీకి రాయమని చెప్పండి. ఎదుట కూర్చున్న మనిషి "నన్నే ఎందుకు?" అని అడిగితే ఆ కాగితంలో జవాబు ఉండదు. ఆ ప్రశ్నకు ముఖం చూసి సమాధానం చెప్పలేక లోపల నలిగిపోయే హెచ్ఆర్ ఉద్యోగుల టెన్షన్ గురించి ఎవరూ రాయరు. పైగా అందరి తిట్లూ వాళ్లకే.

సెక్యూరిటీ వాదన ఎంతవరకు నిలుస్తుందో 2020 మే నెలలో, ప్రయాణికులకు ఇళ్లు, గదులు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ చేసిన పని చూస్తే తెలుస్తుంది. ప్రయాణాలు ఆగిపోయి వ్యాపారం కుప్పకూలిన సమయంలో దాదాపు 7,500 మందిలో సుమారు 1,900 మందిని తీసేయాల్సి వచ్చింది. సీఈవో బ్రయాన్ చెస్కీ మే 5న రాసిన లేఖలో ఆదాయం ఎంత పడిపోనుందో, ఏ పనులు ఆపేస్తున్నారో, దాన్నిబట్టి మనుషుల్ని ఎలా ఎంచుకున్నారో వరుసగా ఉంది. అమెరికా, కెనడాల్లో పోయేవాళ్లకు చివరి పనిదినం మే 11. సహోద్యోగులకు వీడ్కోలు చెప్పుకోవడానికే ఆ గడువు ఇచ్చారు. ల్యాప్‌టాప్‌లు వాళ్లకే వదిలేశారు. నియామకాలు చూసే సిబ్బందిలో కొందరిని పోయినవాళ్లకు వేరే ఉద్యోగాలు వెతికిపెట్టే పనిలో పెట్టారు. అన్నాళ్లు లోపల ఉండనిచ్చినా కంపెనీ నిలబడింది, ఆ ఏడాది డిసెంబరులోనే షేర్ మార్కెట్‌లో లిస్ట్ అయింది.

అసలు మనుషుల్ని తీసేయకుండానే గట్టెక్కినవాళ్లూ ఉన్నారు. 2009లో ఆర్డర్లు పడిపోయినప్పుడు అమెరికాకు చెందిన యంత్రాల తయారీ సంస్థ బారీ వెమిల్లర్ సీఈవో బాబ్ చాప్‌మన్, పై నుంచి కింద వరకు అందరూ నాలుగు వారాలు జీతం లేని సెలవు తీసుకోవాలని నిర్ణయించారు. తన జీతం ఏడాదికి 10,500 డాలర్లకు తగ్గించుకున్నారు. డబ్బు అవసరం ఎక్కువగా ఉన్న సహోద్యోగుల బదులు తమ సెలవు పెంచుకున్నవాళ్లు ఆ ఫ్యాక్టరీల్లో కనిపించారు. కోత పడిన మనుషులే ఒకరి భారం మరొకరు పంచుకోవడమన్నది స్క్రిప్టు చదివి వినిపించే చోట జరగదు.

మిగిలినవాళ్ల సంగతి ఎప్పుడూ ఆఖరున వస్తుంది, నిజానికి ముందు రావాల్సింది అదే. 2008లో అచ్చయిన ట్రెవర్, నైబర్గ్‌ల పరిశోధన ప్రకారం సంస్థ సిబ్బందిలో 1 శాతం మందిని తీసేస్తే, తమంతట తామే మానేసేవాళ్ల సంఖ్య సగటున 31 శాతం పెరుగుతుంది. పద్ధతులు న్యాయంగా ఉన్నాయని, కష్టం చెప్పుకునే దారి ఉందని నమ్మిన చోట ఆ పెరుగుదల తక్కువ. పక్క సీటు ఖాళీ అయిన రోజు ఎవరూ నోరు విప్పకపోతే, మిగిలినవాడు ఆ సాయంత్రమే రెజ్యూమే సరిదిద్దుకుంటాడు. ముందు వెళ్లిపోయేది బయట ఉద్యోగం దొరికే సామర్థ్యం ఉన్నవాళ్లే.

ఇప్పుడు ఉద్యోగులు అడుగుతున్నవాటిలో కంపెనీని ముంచేవి ఏమీ లేవు. ఎవరిని ఏ ప్రాతిపదికన ఎంచుకున్నారో రాసి ఇవ్వాలి. ఇన్వెస్టర్లకు చెప్పిన కారణమే తమకూ చెప్పాలి. టీమ్ మేనేజర్‌కు ముందు రోజైనా తెలియాలి, చెప్పే మాట అతని నోటి నుంచే రావాలి. ప్రశ్నలు అడగడానికి ఒక గంట కేటాయించాలి. వీటికి యాజమాన్యాల నుంచి ఇప్పటిదాకా వస్తున్న జవాబు లీగల్ టీమ్ ఒప్పుకోదన్నదే. ఆ 90 నిమిషాల మీటింగ్ ఫలితం అచ్చయి మూడున్నర దశాబ్దాలు దాటింది.