మన ఊరి దుడ్డు పై ఊరి గుట్ట మీద పెడతారా? - వాటర్‌షెడ్ నిధులపై అపోహలు, వాస్తవాలు

అనంతపురం వైపు పల్లెల్లో వాటర్‌షెడ్ (పడిన వాన ఒకే వంకలోకి దిగే నేలంతా) పనుల గ్రామసభ ఎప్పుడు పెట్టినా, డీపీఆర్ (ఏ పని ఎక్కడ చేయాలో రాసిన ప్రాజెక్టు నివేదిక) సగం చదవకముందే ఎవరో ఒకరు లేస్తారు. "మన ఊరికి శాంక్షనైన దుడ్డు తీసుకుపోయి పై ఊరోళ్ల గుట్ట మీద పెడతారా?" వెనకాలే ఇంకో గొంతు: "అక్కడ కందకాలు తవ్వితే మా చెరువుకు నీళ్లెట్లొస్తాయి సార్?" ఈ రెండు మాటల దగ్గరే పనులు ఆగిపోయిన ఊళ్లున్నాయి. అందుకే ముందు వీటి సంగతే రాస్తున్నాను.

అపోహ: నిధులు ఊరికొస్తాయి, ఏ ఊరి వాటా ఆ ఊరిదే.

వాస్తవం: నిధులొచ్చేది హెక్టార్ల లెక్కన. 2021-22లో మొదలైన ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన (పీఎంకేఎస్‌వై) వాటర్‌షెడ్ రెండో విడతలో మైదాన ప్రాంతానికి హెక్టారుకు 22,000 రూపాయలు, కష్టమైన ప్రాంతాలకు 28,000. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇందులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. మైదానంలో 5,000 హెక్టార్ల ప్రాజెక్టంటే 11 కోట్లు. ఆ 5,000 హెక్టార్ల చుట్టూ గీత గీసేది పంచాయతీ హద్దులు చూసి కాదు, పడిన వాన ఏ వంకలోకి దిగుతుందో చూసి. పై ఊరి గుట్ట, నడిమి బీడు, కింది ఊరి చెరువు, మూడూ ఆ గీత లోపలే. కరువు పనులకు వాటర్‌షెడ్‌నే యూనిట్‌గా తీసుకోవాలని 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ చెప్పింది, 1995 నుంచి నడుస్తున్నది ఆ పద్ధతే. ప్రాజెక్టు ఒకటికి మించి పంచాయతీల్లో పడితే పంచాయతీకో కమిటీ వేయాలని 2008 ఉమ్మడి మార్గదర్శకాలు చెప్పాయి. కమిటీలు ఎన్నున్నా వంక ఒక్కటే కదా. ఆ కమిటీలు ఒకచోట కూర్చోకపోతే ఏమవుతుందో చూడండి.

500 హెక్టార్ల మీద ఒక్క 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండున్నర లక్షల ఘనపు మీటర్ల నీరు. ఇంకేది ఇంకగా మిగిలింది గుట్ట వాలున దూకుతూ మట్టినీ లాక్కొస్తుంది. కింద వంకలో కట్టిన చెక్‌డ్యాం దాన్ని ఆపగలదా? నేను పనిచేసిన ఒకచోట కింది ఊరోళ్లు పట్టుబట్టి చెక్‌డ్యామే ముందు కట్టించుకున్నారు. పై ఊరోళ్లకు కోపమొచ్చి గుట్ట మీద పని సాగనివ్వలేదు. కొన్ని వానలకే పూడిక గోడ అంచు దాకా వచ్చింది. తర్వాత నేను వెళ్లేసరికి నీళ్లుండాల్సిన చోట గడ్డి మొలిచి, మేకలు మేస్తున్నాయి. పూడిక తీయడానికి డబ్బు లేదు. పై ఊళ్లో చేలు గండ్లు పడ్డాయి. రెండు ఊళ్లూ నష్టపోయాయి, పైగా మాటలు కూడా లేవు.

గుట్ట మీద చేసే పని పెద్ద విద్యేం కాదు. మూడు కర్రలతో ఏ-ఫ్రేమ్ కట్టి, మధ్యలో దారానికి రాయి వేలాడదీసి సమమట్టం గుర్తుపెట్టుకుంటూ పోతారు. ఆ గీత మీద మోకాటి లోతు కందకాలు, ఒకదాని కింద ఒకటి రాకుండా ఎడమెడంగా. తీసిన మట్టి వాలు వైపు గట్టుగా వేస్తారు. ఉరుకు తగ్గిన నీరు కొంత ఇంకుతుంది, మిగిలింది మట్టి లేకుండా కిందికి వస్తుంది.

చెరువు ఎండుతుందన్న భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. పైన వంక పొడుగునా చెక్‌డ్యాంల మీద చెక్‌డ్యాంలు కట్టుకుంటూ పోతే తక్కువ వానలున్న ఏడు కింది చెరువుకు నీరు తగ్గేది నిజమే. అందుకు మందు పై ఊరి పని ఆపడం కాదు. వంకలో ఎన్ని కట్టాలో రెండు ఊళ్లూ కలిసి డీపీఆర్‌లోనే తేల్చుకోవాలి.

ఇక మిగతావి.

"పది శాతం కట్టమంటున్నారు, అది లంచమే." కాదు. సొంత భూమిలో చేసే పనికి రైతు వాటా అది. 2008 మార్గదర్శకాల్లో 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు రైతులకు 5 శాతం. డబ్బు లేకుంటే శ్రమదానంగానూ ఇవ్వొచ్చు. ఆ సొమ్ము వాటర్‌షెడ్ అభివృద్ధి నిధికి చేరుతుంది, తర్వాత మరమ్మతులకు పనికొచ్చేది అదే. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.

"సర్వే చేశారంటే భూమి పోయినట్టే." ఈ పుకారు పుట్టించేవాళ్ల మీద నాకు చాలా కోపం. ఒక అవ్వ పాస్‌బుక్కు కొంగులో చుట్టుకుని నా వెంటే చేనంతా తిరిగింది, "ఇది పోతే నాకేం లేదు నాయనా" అంటూ. అవ్వా, నీ చేలో గట్టు వేసినా, పంట కుంట తవ్వినా చేను నీదే, పట్టా నీ పేరు మీదే ఉంటుంది. కొలిచేది వాలు ఎటుందో, నీరు ఎటు పోతుందో తెలుసుకోవడానికే.

"చెక్‌డ్యాం వచ్చింది కదా, ఇంకో బోరు దించుదాం." 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. చట్టం సంగతి పక్కనబెట్టినా, ఇంకిన నీరంతా ఒక్కరే తోడేస్తే పక్కవాడి బోరు ఏం కావాలి?

మీ ఊళ్లో డీపీఆర్ గ్రామసభ పెడితే తప్పకుండా వెళ్లండి. మ్యాప్ పరిచి వంక ఎక్కడ పుడుతుందో చూపించమనండి. పైన ఏయే సర్వే నంబర్లలో కందకాలు, రాతికట్టలు రాశారో చదివించండి. పై ఊరి కమిటీని కూడా ఆ రోజే పిలవమని అడగండి, తీర్మానంలో ఆ మాట రాయించాకే సంతకం పెట్టండి.