బ్రెడ్డులో 282: ఒక గ్రాము చుట్టూ వివాదం

కాల్షియం ప్రొపియొనేట్‌పై మళ్లీ దుమారం రేగింది. బ్రెడ్డు ప్యాకెట్ మీద ‘ఐఎన్‌ఎస్ 282’ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య)గా కనిపించే ఈ తెల్లపొడి బూజును ఆపడానికి దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. ఇప్పటి గొడవకు మూలం 2019లో ‘సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్’లో వచ్చిన అధ్యయనం.

అందులో 14 మంది ఆరోగ్యవంతులకు భోజనంలో ఈ పొడి 1 గ్రాము ఇచ్చి చూశారు. రక్తంలో చక్కెరను పెంచే గ్లూకగాన్, నార్‌ఎపినెఫ్రిన్ హార్మోన్లు పెరిగాయి. చిట్టెలుకలకు కొద్దికొద్దిగా చాలాకాలం పెడితే అవి బరువెక్కాయి, ఇన్సులిన్‌కు సరిగా స్పందించలేదు. అనుమతించిన మోతాదుల్లో భయం లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2014లో చెప్పిన మాటనే తయారీదారులు ఇంకా చూపిస్తున్నారు. అది ఈ ఫలితాలు రాకముందు చెప్పింది.

ఆ గ్రాము ఎంత బ్రెడ్డులో ఉంటుంది? కిలో మైదాకు 3 గ్రాములు కలిపితే దాదాపు కిలోన్నర బ్రెడ్డు వస్తుంది. 30 గ్రాముల ముక్కలు రెండు తింటే ఒంట్లోకి చేరేది 0.12 గ్రాములు. గ్రాము చేరాలంటే ఒక్కపూటే అరకిలో తినాలి. కానీ రోజూ కొద్దికొద్దిగా ఏళ్లతరబడి తింటే ఏమవుతుందన్న ప్రశ్నకు ఈ లెక్క జవాబు కాదు.

అసలు 3 గ్రాములు ఎందుకు వేయాల్సి వస్తోందో ఎవరూ అడగడం లేదు. పొడి పిండిలో కరిగితే ప్రొపియోనిక్ ఆమ్లం ఏర్పడుతుంది; బూజును ఆపేది అందులో అయాన్లుగా విడిపోకుండా మిగిలిన భాగమే. పీహెచ్ (పులుపు కొలత; తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దగ్గర అది దాదాపు 7 శాతమే, 5.5 దగ్గర 19, 5 దగ్గర 43 శాతం. పిండిని పులియబెట్టో, వెనిగర్ చేర్చో పీహెచ్ తగ్గిస్తే సగం పొడితోనే పని జరుగుతుంది. పులియడానికి సమయం ఇవ్వని చోటే మోతాదు పెరుగుతుంది. పొడి ఎక్కువైతే ఈస్ట్ మందగిస్తుంది, పిండి ఆలస్యంగా పొంగుతుంది, ఘాటు వాసన మిగులుతుంది.

బూజు బీజాలు ఓవెన్‌లో చస్తాయి. మళ్లీ చేరేది చల్లార్చే గదిలో, ముక్కలు కోసే బ్లేడ్ల మీద. వేడి బ్రెడ్డును సంచిలో కడితే లోపల చెమ్మ పట్టి బూజుకు దారి దొరుకుతుంది. బ్లేడ్లు కడగకుండా, పూర్తిగా చల్లారనివ్వకుండా పొడి పెంచడం తప్పుడు పద్ధతి. బ్రెడ్డును తీగలు సాగేలా చేసే బాసిల్లస్ అనే బాక్టీరియా బీజాలు మాత్రం వేరు. బ్రెడ్డు నడిమి భాగం 100 డిగ్రీలకు చేరదు కాబట్టి అవి బతికే ఉంటాయి. అక్కడ ఈ పొడి నిజంగా అవసరం.