ఆసుపత్రి పిలుపు కోసం ఎదురుచూస్తున్న కొత్త ఎల్‌వీఎన్‌లకు: అపోహలు – వాస్తవాలు

"అక్కా, లైసెన్సు వచ్చి ఐదు నెలలైంది. ఆసుపత్రులన్నింటికీ అప్లై చేస్తూనే ఉన్నాను. ఒక్కరూ పిలవట్లేదు."

ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో... డాలస్ చుట్టుపక్కల ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్) కోర్సు పూర్తి చేసిన మన ఆడపిల్లల దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. నర్సింగ్ హోమ్‌లో ప్రయత్నించావా అమ్మా అని అడిగితే కాసేపు మాట ఉండదు. (ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లోలా చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు, వృద్ధులూ, ఆసుపత్రి నుంచి వచ్చి కోలుకునేవాళ్లూ ఉండే చోటు.) తర్వాత నెమ్మదిగా, "అక్కడ చేరితే ఇక జన్మలో ఆసుపత్రికి వెళ్లలేమంట కదక్కా" అంటారు. ఎవరు చెప్పారంటే వాట్సాప్ గ్రూపులో ఎవరో. ఆ చెప్పినవాళ్లలో ఒక్కరైనా నర్సింగ్ హోమ్‌లో ఒక్క షిఫ్టు చేసినవాళ్లు నాకు తగల్లేదు.

నేను టెక్సస్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తాను. కొత్తగా చేరిన నర్సులకు పని నేర్పేది కూడా నేనే. అందుకే ఈ విషయం మీద నాకు ఓపిక తక్కువ, ఆ పిల్లల మీద జాలి ఎక్కువ. మిగతా రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) అనేదాన్నే టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఎల్‌వీఎన్ అంటారు. రాసే పరీక్ష ఒకటే కాబట్టి మిగతా రాష్ట్రాల వాళ్లకూ ఇందులో చాలా సంగతులు పనికొస్తాయి.

అపోహ: ఆసుపత్రిలో చేస్తేనే నర్సు. నర్సింగ్ హోమ్‌లో చేరితే నేర్చుకున్నది కూడా మర్చిపోతాం.

ముందు ఉద్యోగాలు ఎక్కడున్నాయో చూడండి. ఇక్కడి కార్మిక శాఖ లెక్కల ప్రకారం ఎల్‌పీఎన్, ఎల్‌వీఎన్‌లలో మూడింట ఒక వంతు మందికి పైగా నర్సింగ్ హోమ్‌లు, రెసిడెన్షియల్ కేర్‌లోనే పనిచేస్తున్నారు. ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ల సంఖ్య దానిలో ఇంచుమించు సగమే. ఆ ఖాళీలకైనా అనుభవం ఉన్నవాళ్లు పోటీలో ఉంటారు. పెద్ద ఆసుపత్రులు వార్డుల్లో ఆర్ఎన్‌లనే (రిజిస్టర్డ్ నర్సులు, ఎల్‌వీఎన్ కంటే పై మెట్టు) ఎక్కువగా పెట్టుకుంటాయి. రోగి చేరగానే చేయాల్సిన పూర్తి అసెస్‌మెంట్ ఆర్ఎన్ పరిధిలోది. ఐవీ (నరంలోకి మందులెక్కించే) పనుల్లో కూడా ఎల్‌వీఎన్‌కి హద్దులున్నాయి, విడిగా శిక్షణ ఉండాలి. ఆసుపత్రి నుంచి పిలుపు రాకపోవడానికి కారణం ఇది. మీ మార్కులో, మీ ఇంగ్లీషో, మీ యాసో కారణమనుకుని రాత్రుళ్లు నిద్ర మానుకోకండి.

ఎదురుచూసే కొద్దీ నష్టం పెరుగుతుంది. క్లినికల్స్‌లో (కోర్సులో రోగుల దగ్గర చేసే శిక్షణలో) నేర్చుకున్నది ఆరు నెలలు ముట్టుకోకపోతే జారిపోతుంది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే "లైసెన్సు వచ్చాక ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని వస్తుంది. కోర్సుకు చేసిన అప్పు కిస్తీలు ఎలాగూ ఆగవు. అన్నింటికంటే ముందు ధైర్యం పోతుంది. చదువులో ముందుండే పిల్లలు ఏడాది ఖాళీగా ఉండి, ఇంజెక్షన్ పట్టుకోవాలంటేనే చేతులు వణికే స్థితికి రావడం చూశాను. నర్సింగ్ హోమ్ పేరుకు భయపడి పోగొట్టుకున్న ఏడాది అది.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఊర్నుంచి అత్తగారు ఫోన్లో "అమెరికా వెళ్లి ముసలాళ్ల దగ్గర ఆయాపనా తల్లీ" అంటారు. ఆవిడ తప్పేం లేదు. ఆవిడ చూసింది తిండి, నీడ ఇచ్చే వృద్ధాశ్రమాన్నే. ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో, అంటే స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో, ఒక హాల్లో నడుచుకుంటూ వెళ్తే తుంటి ఆపరేషన్ అయి మూడు రోజులకే ఆసుపత్రి నుంచి వచ్చినావిడ, పొట్టలోకి ట్యూబుతో ఆహారం వెళ్తున్నాయన, ట్రేకియాస్టమీ (ఊపిరి కోసం గొంతు దగ్గర పెట్టిన గొట్టం) ఉన్నాయన, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లొచ్చేవాళ్లు, పుండుకు వూండ్ వ్యాక్ (పుండులోని స్రావాన్ని లాగే యంత్రం) పెట్టినవాళ్లు వరసగా కనిపిస్తారు. స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం ఎక్కువగా సీఎన్ఏలు (నర్సింగ్ సహాయకులు) చూసుకుంటారు. వాళ్లకు పని పురమాయించేది, వాళ్లు వచ్చి "ఈయన ఎందుకో తేడాగా ఉన్నాడు" అంటే వెళ్లి చూడాల్సింది మీరు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ప్రభుత్వ ఆరోగ్య బీమాలైన మెడికేర్, మెడికెయిడ్ తీసుకునే నర్సింగ్ హోమ్‌లో ఇరవై నాలుగు గంటలూ లైసెన్సున్న నర్సు ఉండాలన్నది ఫెడరల్ నిబంధన. ఆర్ఎన్ మాత్రం రోజుకు కనీసం 8 గంటలు ఉంటే సరిపోతుంది. అంటే చాలాచోట్ల రాత్రిపూట చార్జ్ నర్సు (ఆ షిఫ్టు బాధ్యత చూసే నర్సు) ఎల్‌వీఎన్‌నే. డాక్టరుకి ఫోన్ చేసి బీపీ ఎంత, ఆక్సిజన్ ఎంత, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి అని రెండు నిమిషాల్లో చెప్పి ఆర్డరు తీసుకోవాల్సింది ఆ అమ్మాయే. కొత్త ఎల్‌వీఎన్‌కి ఆసుపత్రి వార్డులో ఆ అవకాశం ఎంత అరుదో అక్కడ పనిచేసినవాళ్లను అడగండి.

మా దగ్గర చేరిన గుంటూరు జిల్లా అమ్మాయి ఒకరున్నారు. మొదటి రెండు వారాలు బ్రేక్‌లో కార్లో కూర్చుని ఏడ్చేది. నేను చూశానని తనకు తెలియదు. ఒకరోజు పొద్దున మందుల బండి మధ్యలో ఆపి నా దగ్గరికొచ్చి, "అక్కా, పన్నెండో రూమ్ పెద్దావిడకి చెప్పులు పట్టట్లేదు" అంది. ఆ పెద్దావిడకి హార్ట్ ఫెయిల్యూర్. రోజూ అవే చెప్పులు. బరువు చూడమన్నాను. ముందురోజు కంటే మూడు పౌండ్లు ఎక్కువ. మడమ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంది. ఆయాసం ఇంకా మొదలవలేదు. ఆ అమ్మాయి తనే డాక్టరుకి ఫోన్ చేసి అంతా వరసగా చెప్పింది. ఒంట్లో చేరిన నీరు తగ్గించే లేసిక్స్ మందు పెంచారు. పెద్దావిడ అంబులెన్స్ ఎక్కాల్సిన పని రాలేదు. ఆసుపత్రిలో రోగి నాలుగు రోజులుంటే వెళ్లిపోతాడు, వాళ్ల చెప్పులు ఎవరికి గుర్తుంటాయి? ఒకే మనిషిని రోజూ చూస్తే తేడా పట్టుకునే కన్ను వస్తుంది. తర్వాత ఏ ఐసీయూకి వెళ్లినా మీకు పనికొచ్చేది ఆ కన్నే.

మరి ఇక్కణ్నుంచి ఆసుపత్రికి వెళ్లలేరా? వెళ్తారు. ఏడాది పనిచేసి లాంగ్ టర్మ్ అక్యూట్ కేర్ (ఎక్కువకాలం వైద్యం అవసరమైనవాళ్లుండే) ఆసుపత్రులకు వెళ్లినవాళ్లున్నారు. కమ్యూనిటీ కాలేజీలో ఎల్‌వీఎన్ నుంచి ఆర్ఎన్ అయ్యే బ్రిడ్జ్ కోర్సు చేసి ఆసుపత్రి వార్డుల్లో చేరినవాళ్లున్నారు. చెప్పుల సంగతి పట్టుకున్న ఆ అమ్మాయి ఇప్పుడు బ్రిడ్జ్ కోర్సులోనే ఉంది, వారాంతాల్లో మా దగ్గరే పని.

అలాగని ప్రతి నర్సింగ్ హోమ్‌లోనూ కళ్లు మూసుకుని చేరమని చెప్పను. మీ భయంలో నిజం ఉన్నది ఇక్కడే. కొన్ని చోట్ల రెండు రోజులు ఎవరి వెనకాలో తిప్పి, మూడో రోజు మందుల బండి తాళాలు చేతిలో పెట్టేస్తారు. ఇంటర్వ్యూలో మీరు కూడా ప్రశ్నలు అడగాలి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఓరియెంటేషన్ (పని నేర్పడం) ఎన్ని షిఫ్టులు? నేను చేయబోయే షిఫ్టులోనే ఇస్తారా, లేక పగలు నేర్పి రాత్రికి వేస్తారా? ఒక మందుల బండి మీద ఎంతమంది రోగులు? రాత్రి నాకు అర్థంకానిది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్లు ఎత్తుతారా? డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ ఈ రెండేళ్లలో ఎంతమంది మారారు? చివరి ప్రశ్నకు జవాబు నసిగితే ఇంకో చోటు చూసుకోండి.

చేరాక మొదటి రోజు నుంచీ పట్టు వదలకూడనిది నార్కోటిక్ కౌంట్ (మత్తు కలిగించే నొప్పి మందుల లెక్క). షిఫ్టు మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ నిలబడి డ్రాయర్ తెరిచి హైడ్రోకోడోన్, మార్ఫిన్ ఒక్కో కార్డు లెక్కపెట్టి, పుస్తకంతో సరిచూసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. "తొందరగా వెళ్లాలి, నేను లెక్కపెట్టేశాలే" అంటూ ఎంత సీనియరు తాళాలు చాచినా తీసుకోకండి. తాళాలు తీసుకున్నాక లెక్క తగ్గితే సమాధానం చెప్పాల్సింది మీరే, పణంగా పెట్టేది మీ లైసెన్సు. అలాగే మింగలేనివాళ్లకు యాపిల్ సాస్‌లో మాత్ర నలిపి ఇచ్చే ముందు పేరు చివర ఈఆర్, ఎక్స్ఎల్ లాంటి అక్షరాలున్నాయేమో చూడండి. నెమ్మదిగా పనిచేయాల్సిన మాత్ర నలిగితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. అనుమానం వస్తే ఫార్మసీకి ఫోన్ చేయండి. మందులు ఆలస్యమవుతున్నాయన్న టెన్షన్‌లోనే ఇలాంటి పొరపాట్లు జరుగుతాయి. వేగం దానంతటదే వస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: ప్రకటనలో "ఏడాది అనుభవం" అని ఉంటే అప్లై చేయడం దండగ. దండగేం కాదు. నర్సింగ్ హోమ్‌లలో చాలాచోట్ల కొత్తవాళ్లను తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి ఊరుకోకుండా, రెజ్యూమె పట్టుకుని పగటిపూట వెళ్లి డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌ని కలవండి. క్లినికల్స్ చేసిన చోటే మొదట అడగండి, అక్కడ మీ పని చూసినవాళ్లున్నారు.

అపోహ: హోమ్ హెల్త్‌లో (రోగి ఇంటికి వెళ్లి చేసే నర్సింగ్) ఒక్క పేషెంటే కాబట్టి కొత్తవాళ్లకు అదే తేలిక. ఒక్క పేషెంటే, కానీ పక్కన ఇంకో నర్సు కూడా ఉండరు. ట్రేకియాస్టమీ ఉన్న పసిబిడ్డతో అర్ధరాత్రి ఒక్కరే ఉండటం మొదటి ఉద్యోగం కాకూడదు. టెక్సస్ నర్సింగ్ బోర్డు కూడా కొత్త ఎల్‌వీఎన్‌లను ముందు ఆసుపత్రి, నర్సింగ్ హోమ్, రిహాబ్ లాంటి చోట్ల అనుభవం తెచ్చుకోమనే సూచిస్తుంది.

అపోహ: ఎన్‌క్లెక్స్–పీఎన్‌లో (ఎల్‌పీఎన్, ఎల్‌వీఎన్ లైసెన్సు పరీక్షలో) 85 ప్రశ్నలకే కంప్యూటర్ ఆగితే పాస్, 150 దాకా వెళ్తే ఫెయిల్. రెండూ తప్పే. మీరు పాస్ గీతకు పైనున్నారా, కిందున్నారా అన్నది 95 శాతం నమ్మకంతో తేలగానే ఆగుతుంది, అటైనా ఇటైనా. ఆ 85లో 15 ప్రశ్నలకు అసలు మార్కులే లేవు. పరీక్ష ఐదు గంటలు. తప్పితే 45 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి పరీక్ష తీరు మారింది, కేస్ స్టడీలు వచ్చాయి. సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకాలతో సరిపెట్టుకోకండి. టెక్సస్‌లో లైసెన్సు కావాలంటే జ్యూరిస్‌ప్రుడెన్స్ (నర్సింగ్ చట్టాలు, నిబంధనల) పరీక్ష కూడా పాసవ్వాలి, అది మర్చిపోయి కూర్చునేవాళ్లున్నారు.

అపోహ: డబ్బు కడితే క్లినికల్స్ లేకుండా ఆన్‌లైన్‌లో ఎల్‌పీఎన్ సర్టిఫికెట్ ఇస్తారు. అలా ఇచ్చేది నకిలీదే. 2023 జనవరిలో ఫ్లోరిడాలో మూడు స్కూళ్ల పేరుతో 7,600కు పైగా నకిలీ నర్సింగ్ డిప్లొమాలు అమ్మారని ఫెడరల్ అధికారులు 25 మంది మీద కేసులు పెట్టారు. ఆ స్కూళ్ల పేరు ఉన్న నర్సుల లైసెన్సులను వేరే రాష్ట్రాల బోర్డులు కూడా తిరగదోడాయి. స్కూల్ వాళ్లు చూపించే కాగితం చాలదు. బోర్డు వెబ్‌సైట్‌లో ఆమోదం ఉన్న స్కూళ్ల జాబితా ఉంటుంది, అందులో పేరు మీరే చూసుకోండి.

అపోహ: ఎల్‌పీఎన్‌లను తీసేస్తున్నారు, ఇంకో ఐదేళ్లలో ఈ ఉద్యోగమే ఉండదు. కార్మిక శాఖ అంచనాలో ఏటా 50,000కు పైగా ఖాళీలున్నాయి. 2023లో మధ్యస్థ వార్షిక జీతం 59,730 డాలర్లు. ఆర్ఎన్‌కి అదే ఏడాది 86,070. తేడా పెద్దదే, బ్రిడ్జ్ చేయమని అందుకే అంటాను.

చివరిది ఇండియాలో చదివినవాళ్లకు. అక్కడున్నవాళ్లు "ఎల్‌పీఎన్ పాసైతే వీసా వస్తుందట" అని అడుగుతుంటారు. గ్రీన్‌కార్డు దారిలో లేబర్ సర్టిఫికేషన్ (ఆ ఉద్యోగానికి ఇక్కడ మనుషులు దొరకట్లేదన్న కార్మిక శాఖ ధ్రువీకరణ) మినహాయింపునిచ్చే షెడ్యూల్–ఎ జాబితాలో ఉన్నది ఆర్ఎన్‌లు, ఎల్‌పీఎన్‌లు లేరు. ఎల్‌పీఎన్ ఉద్యోగం చూపించి తీసుకెళ్తానని ఏ ఏజెంటు డబ్బు అడిగినా ఇవ్వకండి. ఇక్కడికొచ్చాక భర్త హెచ్–1బీ మీద హెచ్–4 ఈఏడీ (పనిచేసే అనుమతి పత్రం) ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఉద్యోగం చేసుకోవచ్చు. మీరు అక్కడ జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చేసి వచ్చినవాళ్లయితే, "జీఎన్‌ఎంకి ఇక్కడ ఎల్‌వీఎనే" అన్న మాట నమ్మి వేల డాలర్లు పోసి మళ్లీ మొదట్నుంచి చదవకండి. జీఎన్‌ఎంతో ఎన్‌క్లెక్స్–ఆర్ఎన్ రాసి ఆర్ఎన్ అయినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. రాష్ట్రాన్ని బట్టి నిబంధన మారుతుంది, చదివిన కాలేజీ నుంచి గంటల వివరాలు తెప్పించడం ఆలస్యమవుతుంది. ముందు సర్టిఫికెట్లు ఇవాల్యుయేషన్‌కి పంపండి. ఆర్ఎన్‌కి అర్హత లేదని బోర్డు నుంచి రాతపూర్వకంగా వస్తే, ఎల్‌వీఎన్ కోర్సు ఫీజు సంగతి అప్పుడు ఆలోచించవచ్చు.