పిల్లలు చూసి నేర్చుకోవడం: మా గదిలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అనేది మనమే. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని నవ్వేదీ మనమే. మాటలు ఆలస్యమైన పిల్లలతో పనిచేసే స్పీచ్ థెరపిస్టుని కాబట్టి ఈ రెండు సామెతలూ ఒకే ఇంటివాళ్ల నోట, ఒకే పూటలో వింటూ ఉంటాను. పిల్లవాడు చూసింది చేయకపోతే దిగులు. చేస్తే మాత్రం, "అన్నీ వాళ్ల నాన్న వేషాలేనండీ" అని విసుగు.

అపోహ: చూసి చేయడం కోతి పని. తెలివైన పిల్లలు సొంతంగా ఆలోచిస్తారు.

"కోతి చేష్టలు" అనే మాటతో కోతులకు లేనిపోని గొప్ప కట్టబెట్టాం. చూసిన పనిని చూసినట్టు చేయడంలో మనిషి పిల్లలదే పైచేయి. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే పరిశోధకులు 2005లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఉగాండాలోని ఒక దీవిలో ఆశ్రయం పొందుతున్న చింపాంజీలకూ, మూడు నాలుగేళ్ల పిల్లలకూ ఒకే రకం పెట్టె చూపించారు. ముందు పైరంధ్రంలో పుల్లతో పొడిచి, తర్వాత ముందువైపు తలుపు తీస్తే లోపల ఉన్నది చేతికొస్తుంది. పెట్టె నల్లగా ఉన్నంతసేపు చింపాంజీలు రెండు పనులూ చేశాయి. లోపల అంతా కనిపించే పెట్టె ఇచ్చేసరికి, పైన పొడవడం వల్ల ఒరిగేది ఏమీ లేదని గమనించి ఆ పని మానేశాయి. పిల్లలు మాత్రం అద్దంలా కనిపిస్తున్నా పొడుస్తూనే ఉన్నారు.

ఇది చదివి చింపాంజీయే నయమనుకునేవారికి మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా అక్క మనవరాలికి నాలుగేళ్లు. ఆవకాయ జాడీ దగ్గరకు వెళ్లే ముందు రెండు అరచేతులూ గౌనుకు గట్టిగా తుడుచుకుంటుంది. చేతులు పొడిగానే ఉంటాయి. అయినా తుడుస్తుంది, ఎందుకంటే వాళ్ల నానమ్మ చీర కొంగుకు తుడుచుకోవడం రోజూ చూస్తోంది. తడి తగిలితే పచ్చడికి బూజు పడుతుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యే వయసు కాదు. మనుషులు చేసే పనుల్లో సగానికి కారణం కంటికి కనిపించదు. కారణం తెలిసేదాకా ఆగి నేర్చుకోవాలంటే వంట, వ్యవసాయం, మగ్గం ఏదీ ఒక తరం నుంచి ఇంకో తరానికి దాటేది కాదు.

అలాగని కళ్లు మూసుకుని చేస్తారనుకోకండి. 2002లో గ్యోర్గీ గెర్గెలీ బృందం పద్నాలుగు నెలల పిల్లల ముందు ఒకామెను కూర్చోబెట్టింది. ఆమె ముందుకు వంగి నుదుటితో ఒక దీపాన్ని తాకి వెలిగించింది. ఆమె చేతులు ఖాళీగా ఉన్నప్పుడు చూసిన పిల్లల్లో 69 శాతం మంది తామూ నుదురే వాడారు. చలిగా ఉన్నట్టు ఆమె దుప్పటి కప్పుకుని రెండు చేతులతో పట్టుకున్నప్పుడు చూసినవారిలో నుదురు వాడింది 21 శాతమే. మిగిలినవాళ్లకు చేత్తో తాకితే సరిపోయింది. ఆమెకు చేతులు ఖాళీ లేవు, నాకున్నాయి కదా అన్నట్టు! ఈ ఫలితానికి అర్థం ఇదేనా కాదా అని పండితుల మధ్య వాదం ఇంకా నడుస్తోంది. నేను రోజూ చూసే పిల్లలను బట్టి నా మొగ్గు మాత్రం వీళ్లు ఏరుకుంటారనే వైపే. ఎవరిని చూసి చేయాలి, ఏది చేయాలి, ఎప్పుడు చేయాలి అన్నీ వాళ్లే తేల్చుకుంటారు.

అపోహ: పుట్టిన మర్నాటి నుంచే పిల్లలు అనుకరిస్తారు. మనం నాలుక చాపితే వాళ్లూ చాపుతారు.

1977లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్, కీత్ మూర్ పన్నెండు నుంచి ఇరవై ఒక్క రోజుల పసికందులతో చేసిన ప్రయోగం ఈ నమ్మకానికి మూలం. పాఠ్యపుస్తకాలన్నిటికీ ఎక్కింది, నేనూ చదువుకునే రోజుల్లో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. తర్వాత సూసన్ జోన్స్ అనే పరిశోధకురాలు, మిణుకుమిణుకుమనే దీపాలు చూసినా, సంగీతం విన్నా పసివాళ్లు నాలుక చాపుతారని చూపించారు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు 106 మంది పిల్లలను తొమ్మిది వారాల వయసు లోపు నాలుగుసార్లు పరీక్షించారు. అనుకరణ జాడ వాళ్లకు దొరకలేదు. కాబట్టి నెల బిడ్డ మీ ముఖం చూసి నాలుక చాపలేదని కంగారు పడకండి. ఆ వయసులో అనుకరించేది ఎక్కువగా తల్లే. బిడ్డ "ఊ" అంటే తల్లి "ఊఁ" అంటుంది, బిడ్డ ఆవలిస్తే తల్లి నోరు తెరుస్తుంది. అటువైపు నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుంది.

టాటా చెప్పడం, చప్పట్లు కొట్టడం, చేతులు జోడించి జేజే పెట్టడం సాధారణంగా ఏడాది అటూ ఇటూగా మొదలవుతాయి. ఏడాదిన్నర నాటికి రిమోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఫోను మాట్లాడటం, చీపురు పట్టుకుని తనకంటే పొడుగైన దానితో ఇల్లంతా తిరగడం ఉండాలి. ఇవేవీ లేకపోతే "వాళ్ల తాతకూ ఆలస్యంగానే వచ్చాయి" అని కూర్చోకుండా చూపించండి. చాలా జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీఈఐసీ (ఎదుగుదల ఆలస్యాలను చిన్నప్పుడే గుర్తించి సాయపడే జిల్లా కేంద్రం) పేరుతో ఇందుకోసమే కేంద్రాలున్నాయి, అక్కడ ఖర్చు ఉండదు.

అపోహ: "అను, అను" అని వెంటపడితే మాటలు వస్తాయి.

మా గదిలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. "బంతి అను. బం...తి. అంటేనే ఇస్తా." అడిగేవాళ్లకు అది పాఠం, పిల్లవాడికి అది పరీక్ష. రోజుకు నలభైసార్లు పరీక్ష పెడితే పెద్దవాళ్లమైనా మనం ఆ ఇంట్లో ఉంటామా?

రెండున్నరేళ్ల అబ్బాయి ఒకడు వచ్చేవాడు. మాటలు లేవు, పిలిస్తే తల తిప్పడు. వాడికి తెలిసిన పని ఒక్కటే, స్టీలు గిన్నె మూతను నేల మీద గిరగిరా తిప్పి, అది దడదడలాడుతూ పడిపోయేదాకా చూడటం. నేను ఇంకో మూత తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. వాడు తిప్పితే తిప్పాను, ఆపితే ఆపాను. మొదటి రోజు వాడు అటు తిరిగి కూర్చున్నాడు. వాళ్లమ్మ ముఖంలో "దీనికా ఫీజు" అనే ప్రశ్న స్పష్టంగానే కనిపించింది. ఐదో రోజో ఆరో రోజో, తిరుగుతున్న మూతను వాడు మధ్యలో అరచేత్తో అణిచేశాడు. నేనూ అణిచాను. వాడు నా మూతను చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. మళ్లీ తిప్పి, వెంటనే అణిచి, ఈసారి తిన్నగా నా ముఖమే చూశాడు. నన్ను పరీక్షిస్తున్నాడు! అప్పుడు మూత మీద వేళ్లతో రెండు దెబ్బలు వేశాను. కాస్త ఆగి, వాడు ఒక దెబ్బ వేశాడు.

అమెరికాలో బ్రూక్ ఇంగర్‌సోల్, లారా ష్రైబ్‌మన్ ఆటిజం ఉన్న చిన్నపిల్లలతో, ముందు పిల్లవాడు చేసేదే మనమూ చేసే ఈ పద్ధతిని పరీక్షించి 2006లో ప్రచురించారు. నా సొంత విద్య కాదు. మాటలు దీని తర్వాత మరుసటి వారమే వస్తాయని కూడా చెప్పను. ఆ అబ్బాయికి నెలలు పట్టింది.

ఇంకో సంగతి. మాటలన్నీ వినికిడి నకలే అయితే, మూడేళ్ల పిల్లలు "నా చెయ్యిలు కడుగు" అని ఎందుకంటారు? చేతులు అనాలని మనకు తెలుసు, "చెయ్యిలు" అని ఇంట్లో ఎవరూ అనరు. వాళ్లే ఒక సూత్రం పట్టుకుని కట్టిన మాట అది. దిద్దకండి, "చేతులు కడగాలా? రా, కడుగుతా" అనండి, చాలు.

అపోహ: చిలక పలుకులకు అర్థం ఉండదు, మాన్పించాలి.

ఆటిజం ఉన్న పిల్లలు కొందరు విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి అంటారు. దాహమేస్తే నీళ్ల సీసా దగ్గరకు వెళ్లి "నీళ్లు తాగుతావా?" అంటారు. అది ప్రశ్న కాదు, అడగడం. నీళ్లు వచ్చినప్పుడల్లా వినిపించిన మాట అదే మరి. ఇలాంటి పలుకులకు ప్రయోజనం ఉందని బారీ ప్రైజంట్ వంటి పరిశోధకులు 1980ల నుంచే చూపుతున్నారు. "నోరు ముయ్యి, చెప్పిందే చెప్పకు" అంటే ఉన్న ఒక్క దారినీ మూసేసినట్టే. వాడి తరఫున మీరు "నీళ్లు కావాలి" అని, నీళ్లివ్వండి.

అపోహ: ఫోనులో చూసి అన్నీ నేర్చేసుకుంటున్నాడు.

పాట రాగం, రంగుల పేర్లు వరకు అంటారు, నిజమే. కానీ 2003లో ప్యాట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా భాష మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే మాటలు టీవీలో చూసినవాళ్లకు ఏమీ అంటలేదు. తెర ఎదురు చూడదు, ఆగదు, మూత అణిస్తే తనూ అణచదు.

మెదడులోని "అద్దం కణాలు", అంటే ఒక పని మనం చేసినా, ఇంకొకరు చేస్తుంటే చూసినా ఒకేలా స్పందించే కణాలు (మిర్రర్ న్యూరాన్లు), చెడిపోతేనే ఆటిజం వస్తుందట కదా అని కూడా అడుగుతుంటారు. ఆ కణాలను ఇటలీలోని పార్మాలో మొదట మకాక్ కోతుల్లో కనుగొన్నారు. చూసి నేర్వడంలో ఆ కోతులు మరీ అంతంతమాత్రం. ఆ సిద్ధాంతం మీద డబ్బు పెట్టించుకునే చికిత్సలకు దూరంగా ఉండండి.

అపోహ: చూసినా చేయలేదంటే, పట్టించుకోలేదన్నట్టే.

1960ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా, గాలి నింపిన బొమ్మను పెద్దవాళ్లు కొట్టడం పిల్లలకు చూపించిన ప్రయోగాలు చాలామందికి తెలుసు. 1965లో ప్రచురించిన దాని గురించి తక్కువ మాట్లాడతారు. కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు తాము కొట్టడం తక్కువే. కానీ చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే, వాళ్లూ మిగతావారితో సమానంగా చేసి చూపించారు. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది, బయటపెట్టడమే మిగిలింది.

రెండు మాటలు కలపడానికే కష్టపడే మూడేళ్లవాడు ఒకడు మొన్న బొమ్మ బండి మీద బొమ్మ మనిషిని కూర్చోబెట్టాడు. అడ్డంగా ఏనుగును పెట్టాడు. బండిని దాని ముందు ఆపి, వేలు చూపించి, మా గది దద్దరిల్లేలా "కళ్లు కనబడట్లేదా!" అన్నాడు. వాళ్ల నాన్నగారు ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని ఎదురుగానే కూర్చుని ఉన్నారు. నేను మాత్రం తేదీ వేసి, ఫైల్లో "సొంతంగా పలికిన మొదటి వాక్యం" అని రాసుకున్నాను.