యోయోగిలో వేలాడే కప్పు

చిరంజీవులకు,

పెద్ద ఇండోర్ స్టేడియంలో కూర్చున్న వాళ్లందరికీ ఆట కనిపించాలంటే మధ్యలో ఒక్క స్తంభం కూడా అడ్డు రాకూడదు. మరి అంత కప్పు బరువు ఎవరు మోస్తారు? దీనికి ఇంజనీర్లు చాలా జవాబులు కనిపెట్టారు గానీ, నాకు అన్నిటికంటే నచ్చింది టోక్యోలో ఉన్న యోయోగి నేషనల్ జిమ్నేజియం. 1964 ఒలింపిక్స్ ఈత పోటీల కోసం కట్టారు. ఆర్కిటెక్ట్ కెంజో టాంగే, కప్పు లెక్కలు చూసిన ఇంజనీరు యోషికాత్సు త్సుబోయి.

ముందు ఇంట్లో ఒక పని చేయండి. రెండు కుర్చీలు ఎడంగా పెట్టి మధ్య తాడు కట్టండి. దాని మీద పాత చీర ఒకటి వేసి, రెండు అంచులూ పక్కలకు లాగి బరువులు పెట్టండి. కుర్చీలు లోపలికి ఒరిగిపోతాయి. ఒరగకుండా ఉండాలంటే ఇద్దరు బయటి వైపు నుంచి వాటిని లాగి పట్టుకోవాలి. యోయోగి కప్పు కిటుకంతా ఇదే. కుర్చీల స్థానంలో, ఆట స్థలానికి చెరో చివర, 126 మీటర్ల దూరంలో ఎత్తైన కాంక్రీట్ స్తంభాలు. తాడు స్థానంలో 33 సెంటీమీటర్ల మందం ఉన్న రెండు ఉక్కు కేబుళ్లు. లాగి పట్టుకునేవి నేలలో దిగేసిన భారీ కాంక్రీట్ దిమ్మలు. ఆ రెండు కేబుళ్లు మధ్యలో కాస్త విడిపోతాయి. ఆ సందులోంచే వెలుగు లోపలికి దిగుతుంది.

అయితే వేలాడే కప్పుకు గాలి భయం ఉంది. పెద్ద గాలి వీస్తే ఊగుతుంది. అందుకే పక్కలకు దిగే చోట మెత్తని తీగలకు బదులు బిగువైన ఉక్కు దూలాలు వాడారు. టాంగే కోరిన వంపు కూడా వాటితోనే కుదిరింది. కేబుళ్ల ఊగుడు తగ్గించడానికి ఆయిల్ డ్యాంపర్లు, అంటే నూనెతో ఊపును అణచే పరికరాలు, పెట్టారు. కంప్యూటర్లు ఇంకా చేతికి అందని ఆ రోజుల్లో ఇంత పని దాదాపు ఏడాదిన్నరలో పూర్తి చేశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ స్థలం కథ కూడా తెలుసుకోండి. ఒకప్పుడు అది జపాన్ సైన్యం కవాతు మైదానం. 1910లో ఆ దేశంలో తొలి విమానం ఎగిరింది అక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిపోయాక అక్కడ అమెరికా సైనిక కుటుంబాల ఇళ్లు వెలిశాయి. 1940లో జరగాల్సిన టోక్యో ఒలింపిక్స్ చైనాతో యుద్ధం వల్ల చేజారిపోయాయి. మళ్లీ అవకాశం వచ్చినప్పుడు ఆ నేల జపాన్ చేతికి తిరిగి వచ్చింది. హిరోషిమా శాంతి స్మారక ఉద్యానానికి రూపం ఇచ్చిన టాంగేయే ఇక్కడా పనిచేశాడు. బూడిదైన దేశం తన కాళ్ల మీద నిలబడిందని చెప్పడానికి ఆయన బరువైన గోడలు ఎత్తలేదు, తేలిగ్గా వంగిన కప్పు వేశాడు. అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

1964లో ఈ హాల్లోని ఈత కొలనులోనే ఆస్ట్రేలియా ఈతగత్తె డాన్ ఫ్రేజర్ 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో వరుసగా మూడో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. తర్వాత కొలను మీద ఫ్లోర్ పరిచి వాలీబాల్ ఆడారు, సంగీత కచేరీలు పెట్టారు. పక్కనే బాస్కెట్‌బాల్ కోసం కట్టిన చిన్న హాలుకు ఒకే స్తంభం. దాని చుట్టూ కప్పు నత్తగుల్లలా మెలి తిరుగుతుంది. భూకంపాలను తట్టుకునేలా బలపరిచాక, 2021లో పెద్ద హాల్లో ఒలింపిక్ హ్యాండ్‌బాల్ పోటీలు జరిగాయి. అదే ఏడాది జపాన్ ప్రభుత్వం ఈ కట్టడాన్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య