థర్మోస్టాట్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో, టెక్సాస్ ఉత్తర భాగంలో ఇళ్ళ ఏసీలు, చలికాలంలో ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసులు బాగుచేయడం నా వృత్తి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఎక్కువ కాబట్టి ఫోన్లు కూడా తెలుగులోనే వస్తాయి. ఎండలు ముదిరాయంటే అందరిదీ ఒకటే మాట: "థర్మోస్టాట్ పాడైపోయిందండీ, కొత్తది పెట్టండి." వెళ్ళి చూస్తే చాలా ఇళ్ళలో దాని తప్పేమీ ఉండదు. గోడ మీది ఆ పెట్టె చేసే పని చాలా కొంచెం. తానున్న చోట గాలి ఎంత వేడిగా ఉందో కొలుస్తుంది, మనం పెట్టిన అంకెతో పోల్చుకుంటుంది, తేడా ఉంటే 24 వోల్టుల తీగలు కలిపి ఏసీనో ఫర్నేసునో నడవమంటుంది. అంతకు మించి దానికి అధికారం లేదు. లేని అధికారాన్ని దానికి అంటగట్టడం దగ్గరే చాలా అపోహలు పుడతాయి.

అపోహ: అంకె బాగా తగ్గిస్తే ఇల్లు త్వరగా చల్లబడుతుంది

ఇది మనం ఊరి నుంచి వెంట తెచ్చుకున్న అలవాటు. అక్కడ ఎండలోంచి రాగానే రిమోట్ అందుకుని 16 పెట్టేవాళ్ళం, ఇక్కడ ఫారన్‌హీట్‌లో 60 పెడుతున్నాం. మామూలు ఏసీకి ఉండేది ఒకటే వేగం. 75 అడిగినా 60 అడిగినా వెంట్లలోంచి వచ్చే గాలి చల్లదనం ఒకటే. కాకపోతే 75 దగ్గర ఆగాల్సిన యంత్రం ఆగదు, మీరు మరిచిపోతే రాత్రంతా నడుస్తుంది. దానికి తోడు ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటే గాలిని చల్లబరిచే లోపలి కాయిల్ మీద మంచు పేరుకుని అసలు గాలే రాదు. అప్పుడు కొందరు అంకెను ఇంకా తగ్గిస్తారు! మంచు కట్టిందని అనుమానం వస్తే కూలింగ్ ఆపేసి, ఫ్యాన్ ఒక్కటీ ఆన్‌లో పెట్టి, అది కరిగేదాకా కొన్ని గంటలు వదిలేయండి. ఈలోపు ఫిల్టర్ మార్చండి.

వేగం మార్చుకునే కంప్రెసర్ ఉన్నవారికి చిన్న మినహాయింపు ఉంది. తేడా పెద్దదైతే అది జోరు పెంచుతుంది, కరెంటూ అంతకంత లాగుతుంది.

అపోహ: బయటికి వెళ్ళేటప్పుడు అంకె మార్చకూడదు, తిరిగి చల్లబరచడానికే ఎక్కువ ఖర్చవుతుంది

నాతో ఎక్కువమంది వాదనకు దిగేది దీని మీదే, అందులోనూ ఇంజనీర్లు. చిల్లు కుండలో నీటి మట్టం ఎంత ఎత్తున ఉంటే కింద అంత జోరుగా కారుతుంది. ఇంట్లోకి వేడి చొరబడటమూ అలాగే: లోపలికీ బయటికీ తేడా ఎంత ఎక్కువైతే అంత వేగం. ఎవరూ లేని 8 గంటలూ ఇంటిని 76 బదులు 84లో ఉంచితే, ఆసాంతం లోపలికి వచ్చే వేడి తగ్గుతుంది. సాయంత్రం ఏసీ ఆగకుండా నడుస్తుంది నిజమే. అయినా పగలంతా 76ను నిలబెట్టడానికి పడే పని కంటే అది తక్కువే. రోజుకు 8 గంటలపాటు 7 నుంచి 10 డిగ్రీలు సడలిస్తే వేడి, చల్లదనాల ఖర్చులో ఏడాదికి 10 శాతం దాకా మిగలవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ‘దాకా’ అన్న మాటను మాత్రం గుర్తుపెట్టుకోండి.

చలికాలంలో హీట్ పంప్, అంటే ఏసీనే తిప్పి నడిపినట్టు బయటి వేడిని లోపలికి తెచ్చే యంత్రం, ఉన్న ఇంటి లెక్క వేరు. రాత్రి 60కి దించి, తెల్లవారాక ఒక్కసారిగా 70కి ఎక్కిస్తే థర్మోస్టాట్ సహాయ హీటర్‌ను కూడా రంగంలోకి దించుతుంది. తెర మీద ‘ఆక్స్’ అని కనిపించేది అదే. అది ఒట్టి కరెంటు కాయిల్, ఒక యూనిట్ మింగి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ ఓ మోస్తరు చలిలో అదే యూనిట్‌కు రెండు మూడింతలు ఇస్తుంది. రాత్రి మిగిలింది కాస్తా పొద్దున్నే పోతుంది. అందుకే హీట్ పంప్ ఉంటే రెండు మూడు డిగ్రీలకు మించి దించవద్దంటాను. ఇక ‘ఎమర్జెన్సీ హీట్’ అనేది బయటి యూనిట్ పాడైనప్పుడు వాడుకోవడానికి. చలి ఎక్కువైందని దాన్ని నొక్కితే బిల్లు వచ్చాక తెలుస్తుంది.

అపోహ: తెర ఆరిపోయిందంటే థర్మోస్టాట్ చచ్చిపోయినట్టే

బ్యాటరీలతో నడిచేదైతే ముందు అవి మార్చండి. ఆల్కలైన్ బ్యాటరీలు ఏడాదికోసారి మారిస్తే కారి లోపలి రేకులను తినకుండా ఉంటాయి.

అయినా వెలగకపోతే అటక ఎక్కాలి. మా ప్రాంతంలో ఏసీ లోపలి భాగం ఎక్కువగా అటక మీదే ఉంటుంది. కాయిల్ మీద చేరిన తేమ నీరై ఒక సన్నటి గొట్టం గుండా బయటికి పోతుంది. వేసవిలో ఆ గొట్టంలో నాచు పేరుకుని అడ్డుపడుతుంది, నీరు పళ్ళెంలో నిండుతుంది. అక్కడొక తేలే స్విచ్ ఉంటుంది. నీటితో పాటు పైకి లేచి 24 వోల్టుల కరెంటును తెంచేస్తుంది. చాలా ఇళ్ళలో దాన్ని బిగించే పద్ధతి వల్ల థర్మోస్టాట్ తెర కూడా దాంతోపాటే ఆరిపోతుంది. అది తెంచకపోతే ఆ నీళ్ళు కిందికి దిగి పడకగది పైకప్పును తడిపేవి. ఇంటి బయట గొట్టం చివర నీటిని కూడా లాగే వాక్యూమ్ పెట్టి పీల్చితే బురదలాంటి ముద్ద బయటపడుతుంది, తెర తిరిగి వెలుగుతుంది. ఆ తర్వాత నెలకోసారి ఆ గొట్టం పైచివర మూత తీసి ఓ కప్పు తెల్ల వెనిగర్ పోస్తే చాలు. ఆ స్విచ్ తీగలు తీసి కలిపేయమని అడిగేవాళ్ళున్నారు. నేను కలపను.

ఫిల్టర్ మార్చాక ఫర్నేసు తలుపు సరిగ్గా కూర్చోకపోయినా తెర ఆరుతుంది, ఎందుకంటే దాని వెనక కూడా ఒక స్విచ్ ఉంది. బ్రేకర్ ఆపకుండా మీరే కొత్త థర్మోస్టాట్ బిగించే ప్రయత్నం చేసి ఉంటే, ఫర్నేసు బోర్డు మీది చిన్న ఫ్యూజు కాలి ఉండవచ్చు.

తెర బాగానే ఉండి, ‘కూల్’ అన్న అక్షరాలు మిణుకుమంటూ ఏసీ మొదలవకపోతే అయిదు నిమిషాలు ఆగండి. కంప్రెసర్‌ను కాపాడటానికి పెట్టిన విరామం అది. ఓపిక పట్టలేక బటన్లు నొక్కినా త్వరపడదు.

అపోహ: స్మార్ట్ థర్మోస్టాట్ పెడితే బిల్లు దానంతటదే తగ్గుతుంది

సమయాలు అమర్చుకునే పాత రకం థర్మోస్టాట్లకు ఇచ్చే ఎనర్జీ స్టార్ గుర్తింపును (ఇంధనం ఆదా చేసే వస్తువులకు వేసే ముద్ర) అమెరికా ప్రభుత్వం 2009 చివరితో ఆపేసింది. వాటిని కొన్నవాళ్ళు అమర్చుకోవాల్సిన రీతిలో అమర్చుకోకపోవడంతో, అనుకున్న పొదుపు కనిపించలేదు. స్మార్ట్ రకం ఆ పని తానే చేస్తుంది, కానీ ఇంట్లో ఎవరున్నారో దానికి తెలియాలి. మన ఇళ్ళలో తరచూ జరిగేది చెబుతాను. ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు ఆరు నెలలు ఉండటానికి వస్తారు. ఇంటి ఫోన్ల జాడను బట్టి నడిచే థర్మోస్టాట్ కొడుకు, కోడలు ఆఫీసుకు వెళ్ళగానే ఇల్లు ఖాళీ అనుకుని 84కి వెళ్తుంది. పెద్దవాళ్ళ ఫోన్లు అందులో నమోదై ఉండవు. మధ్యాహ్నం ఉక్కపోస్తున్నా పిల్లల్ని ఇబ్బంది పెట్టడమెందుకని వాళ్ళు నోరెత్తరు. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆ సదుపాయం ఆపేసి, మామూలు సమయాల పట్టిక పెట్టండి. వాళ్ళకు 72 వణుకు పుట్టిస్తుంది. 76, 78 మధ్య హాయిగా ఉంటారు, అంటే ఇంచుమించు 24.5 నుంచి 25.5 సెల్సియస్.

అపోహ: ఏసీ ఫ్యాన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే మంచిది

ఉక్క వాతావరణంలో వద్దు. కంప్రెసర్ ఆగాక కాయిల్ మీద మిగిలిన తేమను ఆ గాలి మళ్ళీ గదుల్లోకే మోసుకొస్తుంది. ఆటోలో ఉంచండి.

అపోహ: తప్పుడు అంకె చూపిస్తోంది కాబట్టి మార్చేయాలి

ముందు దాన్ని గోడ పలక నుంచి ఊడదీసి, తీగలు వచ్చే రంధ్రం దగ్గర అరచేయి పెట్టి చూడండి. ఆగస్టులో అయితే అటకలోని వేడి గాలి గోడ బోలులోంచి నేరుగా చేతికి తగులుతుంది. పాపం, థర్మోస్టాట్ ఆ గాలినే కొలుస్తోంది. రంధ్రాన్ని పుట్టీతో మూస్తే సరిపోతుంది. ఎండ పడే చోట, టీవీ పక్కన, వెంట్‌కు ఎదురుగా ఉన్నా ఇదే తంతు.

పెట్టె ఒరిగి ఉండటం వల్ల అంకె తప్పుతోందనేవారూ ఉన్నారు. అది పాదరసం బుడ్డి ఉన్న పాత రకానికే వర్తిస్తుంది, అందులో బుడ్డి వంపే స్విచ్. అలాంటిది మీ ఇంట్లో ఇంకా ఉండి, మార్చదలిస్తే చెత్తబుట్టలో వేయకండి. పాదరసం వస్తువులు తీసుకునే కేంద్రానికి పగలకుండా చేర్చండి.