లైబ్రరీలు వేరుపడ్డాయి, హెడర్లు ఉమ్మడిలోనే ఉండిపోయాయి

గుంటూరు మిర్చి యార్డులో కాటాకి తగిలించే మా 32-బిట్ ఆర్మ్ బోర్డు ఈ వారం మళ్లీ బస్తా బరువు తప్పు చూపించింది. కోడ్ బాగానే ఉంది. బిల్డ్ మెషీన్‌లో మాత్రం 64-బిట్ ప్యాకేజీ తెచ్చిన హెడర్ ఫైలు (లైబ్రరీలో ఏముందో, ఏది ఎంత సైజో కంపైలర్‌కి చెప్పేది), బోర్డు హెడర్‌ని తొక్కేసి కూర్చుంది. సీ భాషలో లాంగ్ అనే పూర్ణాంకం 8 బైట్లు అంటుంది అది. బోర్డు లైబ్రరీకి 4 బైట్లే. దాంతో ఆర్కిటెక్చర్‌ని (ప్రాసెసర్ రకాన్ని) బట్టి మారే హెడర్లకు వేరే డైరెక్టరీ ఉండాలా, ఒకే చోట సర్దాలా అని విజయవాడ ఆఫీసులో పాత గొడవ మళ్లీ లేచింది.

దీనికి సీ భాష పుట్టుక దాకా వెళ్లక్కర్లేదు, 2003 చాలు. ఏఎమ్‌డీ ఆప్టెరాన్ వచ్చాక ఒకే మెషీన్‌లో 32, 64 రెండూ నడవాల్సి వచ్చింది. రెడ్‌హ్యాట్, సూసే లాంటి లినక్స్ పంపిణీలు 64-బిట్ లైబ్రరీలకు లిబ్64 అని వేరే గది, అంటే డైరెక్టరీ, ఇచ్చాయి. హెడర్లకు మాత్రం ఇన్‌క్లూడ్ ఒక్కటే మిగిలింది. చాలా హెడర్లు ఎక్కడైనా ఒకటే కాబట్టి అప్పుడది సబబుగానే కనిపించి ఉంటుంది. కానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, జీఎంపీ లైబ్రరీల్లో, పైథాన్ భాషలో కొన్ని హెడర్లు బిల్డ్ అప్పుడే తయారవుతాయి, సైజులు వాటిలోనే రాసి ఉంటాయి. ఒకే చోటికి రెండు ప్రోగ్రాములు వస్తే, ఆ పంపిణీల్లో ప్యాకేజీలు ఎక్కించే ఆర్‌పీఎం 64-బిట్‌దాన్ని ఉంచుకుంటుంది. హెడర్లు తేడాగా ఉంటే కాన్‌ఫ్లిక్ట్ అని ఆగిపోతుంది. గ్లిబ్ అనే లైబ్రరీ మాత్రం అంతకు ముందు నుంచే తన కాన్ఫిగ్ హెడర్‌ని లైబ్రరీ పక్కనే పెట్టుకునేది. ఆ తెలివి మిగతావాళ్లకు అంతగా అంటలేదు.

రెడ్‌హ్యాట్ వైపు పంపిణీ ఫెడోరా అతుకు వేసింది. అసలు హెడర్ పేరు చివర ఆర్కిటెక్చర్ పేరు తగిలించి, పాత పేరుతో ఇఫ్‌డెఫ్‌ల (ప్రాసెసర్‌ని బట్టి సరైన హెడర్‌ని ఎంచే షరతుల) చిన్న ఫైలు పెట్టింది. మా ఆఫీసులో ఒకాయన కోరేది ఇదే. ఏ కంపైలర్‌కైనా దొరుకుతుంది, నిజమే.

డెబియన్, ఉబుంటు అనే పంపిణీల వైపు గది కట్టారు. 2011లో ఉబుంటు 11.04తో మొదలై, 2013లో డెబియన్ 7కి వచ్చిన మల్టీఆర్చ్‌లో ఇన్‌క్లూడ్ కిందే ఒక్కో ఆర్కిటెక్చర్ పేరుతో ఒక్కో డైరెక్టరీ ఉంటుంది. అక్కడి జీసీసీ కంపైలర్‌కి ఆ దారి పుట్టుకతోనే తెలుసు. కొత్త ప్రాసెసర్ వస్తే కొత్త డైరెక్టరీ వస్తుంది, పాత ఫైళ్ల జోలికి ఎవరూ వెళ్లక్కర్లేదు. రెండు ఆర్కిటెక్చర్ల ప్యాకేజీలు ఒకే చోట పెట్టే ఫైలు అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే అక్కడ ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ ఒప్పుకోదు. మా దగ్గర కూడా ఒప్పుకోలేదు. ఎవరో ఫోర్స్-ఓవర్‌రైట్ (ఉన్న ఫైలు మీద తొక్కి రాసెయ్ అనే ఆప్షన్) పెట్టి ముందుకు తోశారు. స్క్రిప్టులో ఆ లైను ఇంకా ఉంది.

రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌ఈఎల్ 10లో 32-బిట్ ప్యాకేజీలే తీసేశారు, ఇక ఈ గొడవ ఎందుకని ఫెడోరా పద్ధతి కోరే ఆయన అంటున్నారు. యార్డులో మా బోర్డులన్నీ ఇంకా 32-బిట్‌వే.